మూడో బాయిలర్

ఫిబ్రవరి 6

బండోడా,

ఫోను చేస్తే "సరేలే అక్కా, పనిలో ఉన్నా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని చించెయ్యగలవేమో గానీ నా మాటకి మధ్యలో అడ్డురాలేవు.

పుస్తకం వచ్చింది. నాలుగోది. దీనితోపాటే నీకో కాపీ పంపుతున్నాను. పేరు 'మూడో బాయిలర్'. అవును, మన నాన్న బాయిలరే. ఆసుపత్రి లాండ్రీలో ఆయన పద్నాలుగేళ్ళు నడిపి, ఆఖరికి దాని ఆవిరికే కళ్ళూ చేతులూ ఇచ్చుకున్న బాయిలర్. రాస్తున్నానని నీకు చెప్పలేదు. నోటితో చెప్పేస్తే కథంతా అక్కడే అయిపోయి కాగితం మీదికి ఏమీ రాదని నా భయం.

ఆవిష్కరణ సభ ముచ్చట చెబుతాను, నవ్వకు. వచ్చింది పదకొండు మంది. అందులో ఇద్దరు పక్క గదిలో జరిగే బీమా మీటింగు ఇదే అనుకుని వచ్చి, లేస్తే బాగుండదని కూర్చుండిపోయారు. ముఖ్య అతిథి నలభై నిమిషాలు మాట్లాడాడు. ముప్పై ఎనిమిది నిమిషాలు తన పుస్తకాల గురించే. మిగిలిన రెండు నిమిషాల్లో నా పుస్తకాన్ని రెండుసార్లు 'మూడో బ్రాయిలర్' అన్నాడు. కోళ్ళఫారం నవల అనుకున్నాడు కాబోలు! ఆయన ఇంకా మైకు ముందు ఉండగానే కుర్చీలవాడు ఖాళీ కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపడం మొదలెట్టాడు. వాణ్ణేమనను? వాడొక్కడే ఆ రోజు తన పని తాను శ్రద్ధగా చేసినవాడు.

మీ ఆసుపత్రి సిబ్బంది రీడింగ్ రూముకి కూడా మూడు కాపీలు పోస్టులో పంపాను. చదివి రాయి. మొహమాటపడకు. మరదల్ని కూడా చదవమను, తనకి నీకంటే ఓపిక ఎక్కువ.

మీ అక్క

ఫిబ్రవరి 19

అక్కా,

పుస్తకం అందింది. చదివాను. చదవకపోయినా బాగుండేది.

మొన్న సోమవారం మేనేజరు తన గదికి పిలిచాడు. బల్ల మీద నీ పుస్తకం ఉంది. రీడింగ్ రూము ముద్ర వేసిన కాపీ.

"ఇందులో లాండ్రీ మన లాండ్రీయేనా?" అన్నాడు.

"ఏమో సార్, కథ కదా" అన్నాను.

"కథలో బాయిలర్ నంబరు కూడా కలిసిందే! ఎక్కువైన ఆవిరి బయటికి పోనివ్వకుండా సేఫ్టీ వాల్వుని ఇంజనీరే తీగతో కట్టించాడని రాసింది. ఆ ఇంజనీరుగారు ఇవాళ ఏ సీట్లో ఉన్నారో తెలుసా నీకు?"

తెలుసు. ఇప్పుడు మేనేజరు పైన కూర్చునేది ఆయనే. నేను ఒక కాగితం రాసివ్వాలట. 'మా అక్క రాసినదంతా కల్పన, ప్రమాదం విషయంలో మా కుటుంబానికి ఎవరిమీదా ఏ ఫిర్యాదూ లేదు' అని. నాకింకా ఎనిమిదేళ్ళ సర్వీసు ఉంది. ఉతికిన బట్టల సెక్షన్‌కి సూపర్‌వైజర్ని. ఫ్యాను కింద కుర్చీ ఉంది. ఆ కుర్చీకి రావడానికి పాతికేళ్ళు పట్టింది.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. తెచ్చుకుంటావని తెలిసే అడుగుతున్నాను. ఇంతకుముందు మూడు పుస్తకాలు రాశావు. మూడూ నీ మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. మొదటిదానికి నీ మెడలో గొలుసు పోయింది. పోనీ పేరొచ్చిందా అంటే, నువ్వు రాస్తావని మీ వీధిలో పాలవాడికి కూడా తెలీదు. ఎవడడిగాడని రాస్తున్నావు? ఎవరు చదువుతారని? ఊరికే ఉన్న నిప్పుని ఊది ఊది నా ఒళ్ళో వేశావు.

నాన్న పోయి ఇరవై నాలుగేళ్ళయింది. ఆయన్ని ఇకనైనా పడుకోనివ్వు.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 27

ఒరేయ్,

ఎవడడిగాడని రాస్తున్నావు అంటావా? సరే, చెబుతాను, చెవులు రిక్కించుకుని విను.

ప్రమాదం జరిగిన నాలుగో నెలలో విచారణ నివేదిక వచ్చింది. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. ఆఫీసు కిటికీ ముందు రెండు గంటలు నిలబెట్టారు. గుమాస్తా తన టీ తాగడం పూర్తిచేసి, ఫైలు నావైపు తిప్పి, వేలు పెట్టి చూపించాడు. 'ప్రమాద కారణం: కార్మికుని అజాగ్రత్త.' అంతే. "చూసుకున్నావుగా, ఇక వెళ్ళమ్మా" అన్నాడు.

ఆ వాక్యం రాసినవాణ్ణి ఎవరైనా అడిగారా, ఎవడడిగాడని రాశావురా అని? దానికెంత పేరొచ్చిందని అడిగారా? మహా అయితే నలుగురు చదివి ఉంటారు. అయినా దాని బలం చూడు. నాన్నకి రావాల్సిన పరిహారం ఆగిపోయింది. అమ్మ బతికినన్నాళ్ళూ నలుగురిలో తలెత్తలేదు. ముప్పై మూడేళ్ళ తర్వాత కూడా అది నీచేత "ఏమో సార్, కథ కదా" అనిపిస్తోంది. నలుగురు చదివిన ఒక్క వాక్యానికే ఇంత బలం ఉంటే, పదకొండు మంది వచ్చిన నా సభ ఏం తక్కువ?

నాన్న తొమ్మిదేళ్ళు ఆ మంచం మీద కూర్చుని నాకొక్కదానికే చెప్పాడు: "వాల్వు కట్టేసి ఉందమ్మా. నాకు తెలీలేదు. తెలిస్తే నడుపుతానా?" ఆ మాట ఎక్కడ రాసి ఉంది? ఏ ఫైల్లో ఉంది? నా నవల్లో తప్ప ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

ఇక పేరూ, డబ్బూ. మా పై వాటాలో ఉండే రిటైరైన మాస్టారు రోజూ సాయంత్రం చదరంగానికి వెళ్ళి, రోజూ ఓడిపోయి వస్తాడు. ఆయన్ని ఎవరూ అడగరు, ఏం గిట్టుబాటయిందని. రాసేవాళ్ళు మాత్రం లోకువ. మా నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చుంటాను కదా, ఆ రిజిస్టరులో 'వివరాలు' అన్న గడి బొటనవేలంత వెడల్పు ఉంటుంది. నిన్న ఒక ముసలమ్మ వచ్చి పావుగంట చెప్పింది. కుళాయి రాదనీ, మూడంతస్తులు బిందె మోస్తుంటే కోడలు తలుపు తియ్యదనీ, మెట్ల మీద కూర్చుని ఏడ్చాననీ. నేను గడిలో 'నీరు రావడం లేదు' అని రాశాను. మిగతా పావుగంట ఎక్కడికి పోవాలిరా? ఇంటికొచ్చి అది ఎక్కడో ఒకచోట దింపుకోకపోతే నాకు అన్నం సయించదు. ఇది గొప్ప కాదు, రోగం అనుకో. అనుకుంటే అనుకో.

నీ నోరెందుకు లేవదో నాకు తెలియదనుకోకు. నీకా ఉద్యోగం ఎలా వచ్చిందో తెలియనిదాన్నా? నాన్న కళ్ళకి ధర కట్టి ఇచ్చారు. నువ్వు పుచ్చుకున్నావు.

అక్క

మార్చి 5

అక్కగారికి,

మీ ఉత్తరం అందింది.

ఉద్యోగం పుచ్చుకుంది నేనే. కాగితం మీద వేలిముద్ర వేసింది అమ్మ. 'ఇక ఏ దావా వెయ్యము' అని ఆ కాగితంలో ఉందని అప్పుడు ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు. నాకు పద్దెనిమిది నిండి వారం అయింది. రేడియో రిపేరు నేర్చుకోవాలని ఒక షాపులో మాట్లాడుకున్నాను. అది మీకు గుర్తుండదు. సోమవారం నుంచి దుప్పట్లు మడతపెట్టాను.

ఆ మొదటి జీతంతోనే మీ టైపు పరీక్షకి కట్టారు. ఆ సర్టిఫికెట్ చూసే మీకు నీటి ఆఫీసులో కిటికీ ఇచ్చారు. నాన్న కళ్ళ ధరతో వచ్చిన అన్నం నేనొక్కణ్ణే తినలేదు.

మీ నవల రెండు వందల పన్నెండు పేజీలు. నేను రెండుసార్లు వెతికాను. నాన్న ఉన్నాడు. అమ్మ ఉంది. మీరు ఉన్నారు, బాగా ఉన్నారు. నేను లేను. ఆ అమ్మాయికి తమ్ముడే లేడు. తొమ్మిదేళ్ళు నాన్నకి గడ్డం గీసినవాడు, నోట్లో ముద్ద పెట్టినవాడు, బాత్రూముకి ఎత్తుకెళ్ళినవాడు ఎవరూ లేరు మీ పుస్తకంలో. అవన్నీ వాటంతటవే జరిగిపోయాయి కాబోలు.

ఇక మీకు రాయను.

ఇట్లు,
లాండ్రీ సూపర్‌వైజరు

మార్చి 14

తమ్ముడూ,

నన్ను 'మీరు' అన్నందుకు నీ చెంప పగలగొట్టాలి. చేతికందే దూరంలో లేవు, బతికిపోయావు.

నిన్ను పుస్తకంలోంచి తీసేసింది నేనే. నాలుగు అధ్యాయాల్లో ఉన్నావు. గడ్డం గీయడం మూడు పేజీలు రాశాను. నువ్వు బ్లేడు ఆపి, కాలిన చర్మం ఎక్కడ మొదలవుతుందో వేలితో తడిమి చూసుకునేవాడివి, అది కూడా రాశాను. అచ్చుకి ఇచ్చే ముందు వారం రోజులు కూర్చుని అన్నీ కొట్టేశాను. ఎందుకు? వీడింకా అక్కడే పని చేస్తున్నాడు, పుస్తకంలో తమ్ముడనేవాడు కనిపిస్తే అక్కడ వీడి పీక పట్టుకుంటారు అని. నేను నీ కుర్చీ కాపాడాననుకున్నాను. నువ్వు నిన్ను మర్చిపోయాననుకున్నావు. ఎవరి తెలివికి ఏడవాలి?

సరే, అది నా తప్పే అనుకుందాం. కానీ ఇదేమిటి? రీడింగ్ రూము చూసుకునే ఆవిడ కార్డు రాసింది. 'మీ పుస్తకాలు మూడూ మీ తమ్ముడుగారు సంచీలో వేసుకుని వెళ్ళారు. మేనేజరుగారు తీసేయమన్నారట. చదివేవారు అడుగుతున్నారు.'

ఎవరూ చదవలేదంటే ఊరుకుంటాను. మూడు పుస్తకాలకి ఊరుకున్నాను. కానీ అడిగేవాళ్ళు ఉండి కూడా చదవనివ్వనివాడు నా తమ్ముడే అంటే ఏం చెయ్యను? నా పుస్తకం ఏం చేశావు? పాతకాగితాల వాడికి వేశావా? అదే బాయిలర్లో వేశావా? కొడుకువై ఉండి ఆ నివేదిక మీద నువ్వు కూడా సంతకం పెట్టినట్టేరా ఇది.

జవాబు రాయకపోతే రైలెక్కి వస్తాను. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు, అయినా వస్తాను.

అక్క

ఏప్రిల్ 2

అక్కా,

రావద్దు. అబద్ధం చెప్పను, మొదట కాల్చేద్దామనే తీసుకెళ్ళాను. మేనేజరు "చెత్తలో కలిపెయ్" అన్నాడు. సంచీ రెండు రోజులు నా లాకర్లో ఉంది. మూడో రోజు తీసి చూస్తే, పుస్తకం వెనక నీ ఫొటో నాన్నలాగే చూస్తోంది. నావల్ల కాలేదు. మూడింటికీ దిండుగలీబులు తొడిగి ఇస్త్రీ సెక్షన్‌లో ఆడవాళ్ళకి ఇచ్చాను. భోజనాల వేళ వంతులవారీగా చదువుతున్నారు. దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్ దగ్గర పనిచేసే పెద్దావిడ నన్ను పట్టుకుని కడిగేసింది. "సార్, రోలర్ మీద దుప్పటి ఒక్కమనిషి పెట్టదు, చెరోవైపూ ఇద్దరు పట్టాలి. మీ అక్క ఎప్పుడైనా లాండ్రీ లోపలికొచ్చి చూసిందా?" అంది. నాకు కోపం వచ్చింది, నీ తరఫున.

అసలు సంగతి ఇది కాదు. నిచ్చెన బాబాయి గుర్తున్నాడా? నాన్న షిఫ్టులోనే బొగ్గు వేసేవాడు, తలుపు దగ్గర తల వంచి వచ్చేంత పొడుగు. డెబ్బై ఎనిమిదేళ్ళు ఇప్పుడు. మోకాలికి కరెంటు పెట్టించుకోవడానికి రోజూ ఆసుపత్రికి వస్తున్నాడు. ఎవరో చెప్పారట, నాన్న మీద పుస్తకం వచ్చిందని. "నాకు చదువు రాదు కదురా, చదివి వినిపించు" అన్నాడు. పదకొండు రోజులు, భోజనం వేళ, స్టోరు గదిలో బట్టల మూటల మీద కూర్చుని పైకి చదివాను. నువ్వు నమ్మవు గానీ, నోటితో చదువుతుంటే నీ వాక్యాలు బాగుంటాయి. కళ్ళతో చదివినప్పుడు నాకు కోపం ఒక్కటే కనిపించింది.

ప్రమాదం అధ్యాయం దగ్గర ఆపమన్నాడు.

"ఇది తప్పురా" అన్నాడు.

"ఏది బాబాయ్?"

"తెలీలేదని రాసింది మీ అక్క. మీ నాన్నకి తెలుసు. పొద్దున షిఫ్టు ఎక్కగానే చూశాడు, వాల్వుకి తీగ చుట్టి ఉంది. షిఫ్టు పుస్తకంలో రాశాడు. నాకు చదువు రాదని పైకి చదువుతూ రాశాడు, ఒక్కో అక్షరం కూడబలుక్కుని. 'మూడో బాయిలర్ సేఫ్టీ వాల్వు తీగతో కట్టినారు. విప్పకుండా నడపరాదు. చెప్పినాను.' ఇంజనీరు వచ్చాడు, చదివాడు, ఆ పేజీ చింపి జేబులో పెట్టుకున్నాడు. 'ఆపరేషన్లకి దుప్పట్లు లేవు. నువ్వు నడపకపోతే ఇంకొకడు నడుపుతాడు, నువ్వు ఇంటికెళ్ళు' అన్నాడు. మీ నాన్న కాసేపు నిలబడ్డాడు. తర్వాత నడిపాడు."

అక్కా, నాన్నకి తెలుసు. తెలిసి రాశాడు. రాసి, నడిపాడు. నీకు మాత్రం తెలీదని చెప్పాడు.

ఆ మధ్యాహ్నమే మేనేజరు కాగితం గురించి మళ్ళీ అడిగాడు. "రాయను సార్" అన్నాను. "ఏం?" అన్నాడు. "అందులో తప్పులున్నాయి, కానీ మీరు చెప్పే తప్పులు కావు" అన్నాను. మర్నాటినుంచి మురికి బట్టలు విడదీసే గదికి మార్చారు. మూటలు విప్పుతుంటే ఒక్కోసారి కత్తెరలొస్తాయి, సూదులొస్తాయి. చేతికి గ్లవుజులు ఇచ్చారు. ఫ్యాను లేదు. మీ మరదలు మూడు రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత నీ పుస్తకం తనే తీసి చదవడం మొదలెట్టింది.

ఇంతకీ నువ్విప్పుడు ఏం చేస్తావు? పుస్తకం అచ్చయిపోయింది కదా.

నీ తమ్ముడు

ఏప్రిల్ 9

తమ్ముడూ,

నాలుగు రోజులు ఆఫీసుకి సెలవు పెట్టాను. ఎవరిమీద అరవాలో తెలియక గిన్నెల మీద అరిచాను.

మొదట ఆ పేజీ చింపిన చేతిమీద కోపం వచ్చింది. అది పాత కోపం, అలవాటైనదే. తర్వాత నాన్న మీద వచ్చింది. తొమ్మిదేళ్ళు ఆయనకి పేపరు చదివి వినిపించానే, నాకు చెప్పకూడదా? తెలిసి ఎందుకు నడిపావని అడుగుతాననే కదా ఆయన భయం? అడిగేదాన్ని. పందొమ్మిదేళ్ళ వయసులో తప్పకుండా అడిగేదాన్ని, కాలిన మొహం మీదే అడిగేదాన్ని. ఆయనకి నా సంగతి తెలుసు. అందుకే అబద్ధం చెప్పాడు. ఆ అబద్ధాన్ని రెండు వందల పన్నెండు పేజీలు మోసి, అచ్చువేసి, సత్యం సత్యం అని నీమీద అరిచాను. నన్ను చూస్తే నాకే ఒళ్ళు మండుతోంది.

ఐదో తరగతి చదివిన మనిషిరా! అంగడి చీటీ రాయడానికి పెన్సిలు నాలిక మీద తడిపి తడిపి పావుగంట తీసుకునేవాడు. ఆయన మూడు వాక్యాలు రాశాడు. ఎవరి కోసం? ఏం వస్తుందని? చదివినవాడు ఒక్కడే, వాడు చింపేశాడు.

ప్రచురణకర్త దగ్గరికి వెళ్ళి, ఈ నవల మళ్ళీ రాస్తానని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, మొదటిదే మూడు వందలు వేస్తే రెండు వందల యాభై గోదాములో ఉంది. రాసినదాన్నే మళ్ళీ రాస్తానంటారు. ఎవరికి కావాలి?" అన్నాడు. "తప్పుగా ఉంది కాబట్టి నాకు కావాలి" అన్నాను. "అచ్చు మాత్రం నావల్ల కాదు" అన్నాడు. "అచ్చు సంగతి మిమ్మల్ని అడగలేదు, చెబుతున్నానంతే" అని మెట్లు దిగాను. దిగేటప్పుడు మోకాలు పట్టేసి రెయిలింగు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. అదొక్కటే అవమానంగా అనిపించింది.

ఇప్పుడు నా పని నీమీద ఉంది. బాబాయిని అడుగు. తీగ ఇనుపదా, రాగిదా? షిఫ్టు పుస్తకం ఎక్కడ పెట్టేవారు, బల్ల మీదా, మేకుకి వేలాడదీసేవారా? ఇంజనీరు వెళ్ళాక నాన్న నిలబడ్డాడన్నాడే, ఎంతసేపు? ఎటు చూస్తూ? ఏమైనా అన్నాడా? ఆయన మోకాలు బాగయి రావడం మానేసేలోగా అడుగు.

నీ కుర్చీ పోయినందుకు నన్ను తిట్టు. తిట్టకుండా ఊరుకుంటే నాకు నచ్చదు. గ్లవుజులు రెండు జతలు తొడుక్కో. ఈసారి తమ్ముణ్ణి తీసెయ్యను, నువ్వు వద్దన్నా తీసెయ్యను.

అక్క

మే 4

బండోడా,

నువ్వు పంపిన పదహారు జవాబులూ అందాయి. రాగి తీగ అని తెలిశాక ఒక పేజీ మొత్తం మారిపోయింది. ప్రమాదం అధ్యాయం మళ్ళీ రాశాను, ఆరోసారి. దీనితో ఉంది. రోలర్ దగ్గర ఇప్పుడు ఇద్దరున్నారని ఆ పెద్దావిడకి చెప్పు. బాబాయికి చదివి వినిపించు. ఆయన మొహం చూస్తూ చదువు. ఎక్కడ ముఖం చిట్లిస్తాడో అక్కడ గీత పెట్టి పంపు. మెచ్చుకోలు నాకు అక్కర్లేదు. నిజానికి కావాలనుకో, కానీ దానికోసం ఆగను.

అక్క

మే 20

అక్కా,

చదివాను. బాబాయి మోకాలు బాగైపోయింది, ఆసుపత్రిలో పని లేదు, అయినా దీనికోసమే బస్సెక్కి వచ్చాడు. స్టోరు గది ఇప్పుడు నాది కాదు కాబట్టి మురికి బట్టల గది వెనక గోడ నీడలో కూర్చున్నాం. వాసనకి ఆయనేమీ అనలేదు.

నేను చదువుతున్నంతసేపూ కళ్ళు మూసుకున్నాడు. ముఖం ఎక్కడా చిట్లించలేదు. నాన్న పేజీ చిరిగిన చోటే చూస్తూ నిలబడి, "దుప్పట్లు లేకుండా ఎవరికి కోస్తారులే" అని వాల్వుల వైపు నడిచే దగ్గర ఆపాను. కాసిని నీళ్ళు తాగి మళ్ళీ చదివాను. అయిపోయాక కళ్ళు తెరిచి కాగితాల వైపు చూశాడు. బాగుందనైనా అనొచ్చు కదా, ఇంత కష్టపడి రాసింది అని నాకు మండింది. చివరికి "ఊఁ. ఇలాగే జరిగింది" అన్నాడు. అంతే.

లేచి చెయ్యి ఇవ్వబోయాను. ఆయన లేవలేదు.

"విచారణలో నన్ను కూడా పిలిచార్రా" అన్నాడు. "షిఫ్టు పుస్తకంలో మీ నాన్న ఏమైనా రాశాడా అని అడిగారు. నాకు చదువు రాదు, నేను చూడలేదు అన్నాను. నాకు నలుగురు పిల్లలు అప్పటికి. మీ నాన్న పోయేదాకా మీ ఇంటి గడప తొక్కలేదు. ఒంట్లో బాగోలేదని చెప్పి పంపేవాణ్ణి."

ఆయన చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"మీ అక్క నన్ను బొగ్గు వేసేవాడని ఒక్క ముక్క రాసి వదిలేసింది. నా సంగతి కూడా రాయమను. మంచిగా రాయక్కర్లేదు. జరిగినట్టు రాయమను."

నా దగ్గర బట్టల లెక్క రాసే కాగితాలు తప్ప ఏమీ లేవు. వాటి వెనకే రాసుకున్నాను, ఆయన చెప్పింది చెప్పినట్టు. తొమ్మిది కాగితాలు అయ్యాయి. కొన్నిచోట్ల తప్పులుంటాయి, ఆయన వేగానికి గబగబా రాశాను. అన్నీ ఇందులో పెట్టాను.

నీ తమ్ముడు